నల్లమలలో నాలుగు గంటలు

‘నాన్నా, మనం వెళ్లేది రెయిన్‌ఫారెస్టుకేనా?’

కారు నల్గొండ దాటి దేవరకొండ రోడ్డు ఎక్కగానే మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఎనిమిదో తరగతి చదువుతోంది. అడవి అంటే దానికి టీవీలో చూసిన అమెజానే. ఆకాశాన్ని కప్పేసే చెట్లు, ఏడాది పొడవునా ఆకుల మీంచి జారే నీళ్లు, చెట్టుకు చుట్టుకున్న పాము... అది ఊహించుకున్నదంతా అదే.

దాని తప్పేం లేదు. మాది కేతేపల్లి. హైదరాబాద్‌ నుంచి విజయవాడ వెళ్లే రహదారి మీద నకిరేకల్‌ దాటాక, సూర్యాపేట రాకముందు వస్తుంది. మూసీ ప్రాజెక్టు పుణ్యమా అని కాలువ పారినచోట కాస్త వరి కనిపిస్తుంది. మిగతాదంతా తాటిచెట్లు, తుమ్మలు, ఎండకు పేలిపోతాయేమో అనిపించే గుండ్లు. అడవి అనదగ్గ అడవిని చూడాలంటే మేం దేవరకొండ దాటాల్సిందే.

నిజమైన వర్షారణ్యానికి ఏడాదికి దాదాపు రెండు వేల మిల్లీమీటర్ల వాన కావాలి. మనదేశంలో పడమటి కనుమల్లోనో, ఈశాన్య రాష్ట్రాల్లోనో, అండమాన్‌లోనో అలాంటివి ఉన్నాయి. మనకున్న నల్లమల ఆ కోవలోది కాదు. అది ఆకురాల్చే అడవి. వానాకాలంలో పచ్చగా ముసురుకుంటుంది, సంక్రాంతి వెళ్లాక ఒక్కో ఆకూ వదిలేసి ఎండాకాలానికి కట్టెల మోపులా నిలబడుతుంది. ఈ సంగతి చెబితే అమ్మాయి మొహం చిన్నబోయింది. ‘అయితే ఎండిపోయిన అడవికా పోతున్నాం?’ అంది.

వెనక సీట్లో కూర్చున్న మా నాన్న మాత్రం కిటికీలోంచి చూస్తూ, ‘ఎండిపోయిన చెట్టుకూ ఆకు రాల్చిన చెట్టుకూ తేడా ఉంటది బిడ్డా’ అన్నాడు. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. నడవలేడేమో, వద్దంటే వినలేదు. ‘మీరు నడిచేటంత నేనూ నడుస్త’ అని మొండికేశాడు. ఆయన్ని తీసుకెళ్లడమే మేం చేసిన మంచి పని అని మర్నాటికి గానీ తెలియలేదు.

డిండి జలాశయం దగ్గర టీ తాగి శ్రీశైలం రహదారి ఎక్కాం. హాజీపూర్‌ చౌరస్తా దాటాక రోడ్డు మెల్లగా పైకి లేస్తుంది. కింద పత్తి చేలు, వేరుశనగ చేలు వెనకబడతాయి. మలుపులు మొదలవుతాయి. పైకి చేరితే మన్ననూరు. అటవీశాఖ చెక్‌పోస్టు, నాలుగు హోటళ్లు, చెంచుల అభివృద్ధి కోసం ఏర్పాటైన ఐటీడీఏ కార్యాలయం. అమ్రాబాద్‌ పులుల అభయారణ్యానికి ఇదే ముఖద్వారం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకూ ఈ దారిలో వాహనాలను వదలరు. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు చక్రాల కింద పడకుండా ఈ ఏర్పాటు.

ఈ అడవి చరిత్ర కాస్త చెప్పుకోవాలి. కృష్ణకు అటూ ఇటూ ఉన్న నల్లమలను కలిపి 1978లో నాగార్జునసాగర్‌-శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ఇది ప్రాజెక్టు టైగర్‌లో చేరింది. మూడున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణంతో అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఇదే. 2014లో రాష్ట్రం విడిపోయాక అడవీ పంచుకోవాల్సి వచ్చింది. నదికి ఉత్తరాన తెలంగాణలో ఉన్న భాగం 2015లో అమ్రాబాద్‌ పులుల అభయారణ్యమైంది. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో మా నల్గొండ జిల్లా అడవి కూడా కొంత ఉంది. పులికి మాత్రం ఈ పంపకం సంగతి తెలియదు. ఎండాకాలంలో నీళ్లు తగ్గినచోట కృష్ణను ఈదేసి అటూ ఇటూ తిరుగుతుంది.

మేం వెళ్లింది శివరాత్రికి పది రోజుల ముందు. రోడ్డు పొడవునా శివస్వాములు కాలినడకన శ్రీశైలం పోతున్నారు. భుజాన సంచి, నోట శివనామం, కాళ్లకు చెప్పుల్లేవు. భక్తికి వంకపెట్టలేం గానీ వాళ్ల కోసం అన్నదానాలు చేసేవాళ్లు వదిలేసిన గ్లాసులు, సీసాలు చూస్తే మనసు చివుక్కుమంది. 2024 జులై నుంచి ఈ అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. చెక్‌పోస్టులో మా నీళ్ల సీసాలు చూసి, స్టీలు సీసాలు ఉన్నాయి కదా అని అడిగాకే వదిలారు.

ఆ సాయంత్రం జీపు సఫారీకి ఫరహాబాద్‌ వెళ్లాం. ‘ఫరహ్‌’ అంటే సంతోషం. నిజాం పాలకులు వేటకు వచ్చి విడిది చేసిన చోటు. వాళ్ల సంతోషం పులులకు ఎంతమాత్రం సంతోషం కాదన్నది వేరే విషయం. వ్యూపాయింట్‌ అంచున నిలబడితే కింద లోయంతా పొగమంచులో మునిగిన చెరువులా ఉంటుంది. చుక్కల జింకల గుంపు కనిపించింది. ఒక మనుబోతు రోడ్డు మధ్యలో నిలబడి, ‘మీరే పక్కకు తప్పుకోండి’ అన్నట్టు చూసింది. నెమళ్లకైతే లెక్కలేదు. పులి మాత్రం లేదు. అమ్మాయి ఫోన్లో పదిహేను ఫొటోలు తీసింది, అన్నీ జింకల వెనకభాగాలే. గదికి వచ్చేసరికి దాని నిరాశ మా అందరికీ అంటుకుంది.

అసలు విషయం మర్నాడు మొదలైంది.

ఆరున్నరకు గైడు వచ్చాడు. యాభై దాటిన చెంచు మనిషి. సన్నగా, పొట్టిగా, ఖాకీ చొక్కా, చేతిలో వెదురు కర్ర. ఉమామహేశ్వరం వైపు కొండ మీద సాగే దారి వెంట మమ్మల్ని నడిపిస్తాడు. బయల్దేరే ముందు మూడు మాటలు చెప్పాడు. ‘నా ముందర ఎవరు నడవొద్దు. సెల్లుల పాట పెట్టొద్దు. గుడ్డేలుగు ఎదురైతే ఉరకొద్దు, అందరు ఒక్కతాన నిలబడాలె.’

‘మరి పులి ఎదురైతే?’ అంది అమ్మాయి.

‘పులి మర్యాదస్తురాలు బిడ్డా. మనం రాంగనే తప్పుకుంటది. గుడ్డేలుగుకే ఆ బుద్ధి లేదు.’

నవ్వుకున్నాం గానీ అది నవ్వులాటకు చెప్పింది కాదు. ఎలుగుబంటికి చూపు మందం. వాసన పట్టడంలో దిట్ట. గాలి మనవైపు వీస్తుంటే మనం దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. ఉలిక్కిపడి మీదపడుతుంది. అందుకే గైడు మధ్యమధ్యలో గొంతు సవరించుకున్నట్టు చిన్నగా దగ్గుతున్నాడు. మొదట జలుబనుకున్నాను.

చెట్లలోకి అడుగుపెట్టగానే చల్లదనం తగిలింది. కింద మాత్రం ఎండుటాకులు. అప్పడాల మీద నడిచినట్టు మా నలుగురి కాళ్ల కింద ఫెళఫెళమంటున్నాయి. గైడు కాళ్ల కింద చప్పుడే లేదు. ఎలాగా అని గమనిస్తే, ఆయన పాదం ఆకుల మీద కాదు, ఆకుల మధ్య పడుతోంది. నేను ప్రయత్నించి రెండుసార్లు రాయికి తన్నుకున్నాను.

కొంతదూరం వెళ్లాక ఒక చెట్టు దగ్గర ఆగాడు. బెరడంతా మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంది. నల్లమద్ది. ‘ఎండకాలం దీని కడుపుల నీళ్లుంటయ్‌’ అన్నాడు. 2024 మార్చిలో పాపికొండల అడవిలో అటవీ అధికారులు ఇలాంటి చెట్టు బెరడుకు గాటుపెడితే కుళాయి తిప్పినట్టు నీళ్లు చిమ్మిన వీడియో చాలామంది చూసే ఉంటారు. అమ్మాయీ చూసిందట. ‘అది ఈ చెట్టేనా!’ అని చేత్తో తట్టి చూసింది. అప్పటిదాకా ‘ఎండిపోయిన అడవి’ అంటున్న పిల్ల, జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి పేరు రాసుకుంది. అదే మొదటి పేరు.

తర్వాతి చెట్టును చూడగానే నాన్న గైడుకంటే ముందు మాట్లాడాడు. ‘ఇది తిరుమాను కదా తమ్మీ?’

‘మేం చిరుమాను అంటం పెద్దయ్యా.’

‘బండి ఇరుసు దీంతోనే చేసేటోళ్లు. ఇనుప ఇరుసు రాకముందు. మా ఊర్లె వడ్ల పని చేసే ఆయన ఈ కట్టె కోసం దేవరకొండ అంగడికి పోయేటోడు.’

ఇక అక్కణ్నుంచి ముసలాయనా గైడూ జట్టయ్యారు. మేం వెనకబడ్డాం. కేతేపల్లిలో నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషికి అడవి తెలియదు గానీ కట్టె తెలుసు. గైడుకు కట్టె పనితనం తెలియదు గానీ చెట్టు తెలుసు. నారేప దగ్గరికి వస్తే గైడు దాని పట్టతో నార తీసి పగ్గం పేనడం చెప్పాడు. నాన్న అదే నారతో మోటబావి రోజుల్లో ఏమేం చేసేవారో చెప్పాడు. పెద్దేగి చెట్టుకు గాటు పెడితే నెత్తురులాంటి ఎర్రటి జిగురు కారుతుంది. దాని కట్టెతో చేసిన గ్లాసులో నీళ్లుపోసి తాగితే షుగరుకు మంచిదని నమ్మకం. మా నాన్నకు షుగరుంది. ‘చిన్న ముక్క దొరుకుతదా?’ అని ఆశగా అడిగాడు. ‘అడవిల నుంచి ఆకు కూడ బయటికి పోవద్దు పెద్దయ్యా’ అని గైడు నవ్వాడు. నాన్న ఆ తర్వాత అరగంట సేపు ఆ గ్లాసు సంగతి ఎత్తుతూనే ఉన్నాడు. మాత్రలు మానేస్తాడేమోనని నా భయం నాది.

అన్ని చెట్లలోకీ నన్ను ఆపేసింది తపసి. ఆకులన్నీ రాలిపోయి, తెల్లటి మానుతో, వంకరటింకర కొమ్మలతో బండరాళ్ల మధ్య ఒంటరిగా నిలబడి ఉంది. వెన్నెల్లో చూస్తే దయ్యమే అనుకుంటాం. తపస్సు చేస్తున్న మునిలా ఉంటుందనే ఆ పేరు వచ్చిందేమో అనుకున్నాను, నా ఊహే. దీని బంకకు విదేశాల్లోనూ గిరాకీ ఉంది. మందుల్లో, ఆహార పదార్థాల్లో వాడతారు. చెంచులు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. ‘ఎన్కట గొడ్డలితోని లోతుగ నరికేటోళ్లు. బంక ఎక్కువొచ్చేది. చెట్టు సచ్చేది’ అన్నాడు గైడు. ఆయన చూపించిన చెట్టుకు పాత గాటు మాని, చుట్టూ బెరడు పెదవుల్లా మూసుకుపోయింది. ఇప్పుడు పైపైన చిన్న గాటు పెట్టి, మానేదాకా ఆగి మళ్లీ వస్తారట. ఇంకో గాటు ఎప్పుడు పెట్టాలో ఎలా తెలుస్తుందంటే, ‘చెట్టే చెప్తది’ అన్నాడు. వివరం అడిగితే బెరడు రంగు, అంచు గట్టిపడటం చూపించాడు. వేలితో తడిమి చూడమన్నాడు. నాకు ఏ తేడా తెలియలేదు.

ఒక చెదపుట్ట సగం తవ్వేసి ఉంది. లోపల గోళ్ల చాళ్లు. ‘రాత్రి గుడ్డేలుగు ఇక్కడ అన్నం తిన్నది.’ కాస్త ముందు దాని పెంట. కర్రతో కదిపి చూపించాడు. అందులో గింజలు! రేలకాయ గింజలు, తునికి గింజలు. ఎలుగు కడుపులోంచి వచ్చిన గింజ తొందరగా మొలకెత్తుతుందని వన్యప్రాణి పరిశోధకులూ రాశారు. మా ఆవిడ ముక్కు మూసుకుంది. అమ్మాయి మాత్రం మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టింది. పులి కోసం వచ్చిన పిల్ల ఎలుగు పెంట దగ్గర పది నిమిషాలు గడిపిందంటే ఆ గొప్ప గైడుదే.

ఆ గైడు వాళ్ల మనుషుల గురించి చదువుకున్నదే నాకు ఎక్కువ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైమన్‌డార్ఫ్‌ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త నిజాం రాజ్యంలో ఇరుక్కుపోయాడు. చేతిలో జర్మన్‌ పాస్‌పోర్టు ఉండటమే కారణం. ఆయన ఆ సమయాన్ని వృథా చేసుకోకుండా ఇక్కడి కొండల్లో చెంచుల మధ్య గడిపి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, ఈ పూటకు ఈ పూట చూసుకునే జనంగా వాళ్లను చూశాడు. శ్రీశైలం మల్లన్న చెంచుపిల్లను పెళ్లాడాడు కాబట్టి ఆయన వీళ్లకు అల్లుడు. అందుకే చెంచు మల్లయ్య. అవతల అహోబిలంలో నరసింహస్వామీ చెంచులక్ష్మి కోసం వచ్చినవాడే. దేవుళ్లిద్దరినీ అల్లుళ్లను చేసుకున్న జాతి, ఆకలి విషయంలో మాత్రం ఆ చుట్టరికం వల్ల పెద్దగా లాభపడినట్టు లేదు.

కొండచరియ దగ్గర గైడు వేలెత్తి చూపించాడు. ఎత్తున, బండ కింద నల్లగా వేలాడుతున్న పెద్ద తేనెపట్టులు. తీగతో పేనిన తాడు కట్టుకుని రాత్రిపూట కిందికి దిగుతారు. పొగ పెట్టి పట్టు కోస్తారు. పైన తాడు పట్టుకునేది ఎవరనుకున్నారు? బావమరిది! సొంత అన్నదమ్ముడైనా ఆస్తి కోసమో పగతోనో వదిలేస్తాడేమో గానీ, అక్కచెల్లెలి పసుపుకుంకుమలు పోగొట్టుకునే పని బావమరిది చేయడని. ‘మీరూ అట్లనే దిగిన్రా?’ అని నాన్న అడిగితే, ‘దిగిన. ఇప్పుడు మా బావమరిదికి మోకాళ్ల నొప్పులు’ అన్నాడు. నాన్నకు ఆ మాట ఎంత నచ్చిందో! ఇంటికొచ్చాక కూడా నలుగురికి చెప్పి నవ్వాడు.

తొమ్మిది కావస్తుండగా గైడు చెయ్యెత్తాడు. అందరం ఆగిపోయాం. దారిలో దుమ్ము మెత్తగా పరుచుకున్నచోట ఒక అడుగు. గుండ్రటి మెత్త, ముందు నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తుల్లేవు. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ‘పులా?’ అంది, గొంతు పెగలక.

ఆయన కూర్చుని చెయ్యి పక్కన పెట్టి కొలిచాడు. అవునంటే మేమంతా ఎంత సంబరపడతామో ఆయనకు తెలుసు. అలా అని ఉంటే మేం కాదనగలమా? ‘కాదు బిడ్డా, చిర్తపులి. పెద్దపులిదైతే ఇంతుంటది’ అని అరచెయ్యంతా చాపి చూపించాడు. తర్వాత అడుగులోకి వంగి చూసి, ‘తెల్లారక ముందే పోయింది’ అన్నాడు. అదెలా చెప్పగలవని అడిగాను. అడుగు గుర్తు మీద సన్నటి సూదిపోట్లలాంటి గుంతలున్నాయి. తెల్లవారుజామున ఆకుల మీంచి రాలిన మంచు చుక్కలవి. మంచు పడ్డాక నడిచి ఉంటే అడుగు నున్నగా ఉండేది, దాని కింద చుక్కలు చెరిగిపోయేవి. పైగా చీమలు అడుగులోంచి అప్పుడే కొత్త బాట వేసుకున్నాయి.

ఒకప్పుడు దేశంలో పులుల్ని లెక్కపెట్టింది ఇలా అడుగుల్ని చూసే. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులన్నీ మాయమైపోయాయని బయటపడ్డాక ఆ పద్ధతి మీద నమ్మకం పోయింది. 2006 లెక్క నుంచి కెమెరాలు వచ్చాయి. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకోదానికి ఉండవు. ఆ లెక్కన 2006లో దేశంలో 1,411 ఉన్న పులులు 2022 అంచనాకు 3,682 అయ్యాయి. మా దారిలోనూ ఒక చెట్టు మానుకు కెమెరా కట్టి ఉంది. అయితే కెమెరా ఎక్కడ కట్టాలి? జంతువు ఏ దారిన నీళ్లకు పోతుంది? అది చెప్పాల్సింది మళ్లీ ఈ కర్ర పట్టుకున్న మనిషే. జంతువుల మీద నిఘాకు, కాపలాకు అటవీశాఖ పెట్టుకున్నవాళ్లలో చాలామంది చెంచులే.

ఇక్కడ అందరూ పులి పేరే తలుస్తారు గానీ ఈ అడవిలో చిన్నవాటి కథలే బాగుంటాయి. కుందేలంత ఉండే మూషిక జింకలు ఒకప్పుడు వేటకు బలై బాగా తగ్గిపోయాయి. హైదరాబాద్‌ జూపార్కులో సీసీఎంబీ శాస్త్రవేత్తల సాయంతో వాటిని పెంచి, 2017లో అమ్రాబాద్‌ అడవిలో వదిలారు. నదికి అవతల, నంద్యాల-గిద్దలూరు మధ్య అడవిలో నీలమణిలా మెరిసే సాలీడు ఒకటుంది. 1899లో గుత్తిలో దొరికిన ఒక్క సాలీడును చూసి దానికి పేరు పెట్టారు. ఆ తర్వాత నూరేళ్లపాటు ఎవరికీ కనిపించలేదు. 2001లో మళ్లీ దొరికింది. గుత్తికి అది రైల్లో కట్టెలతో పాటు వచ్చి ఉంటుందంటారు. దాని అసలు ఇల్లు నల్లమలే.

కొండ అంచుకు చేరాక కూర్చున్నాం. కింద మైదానమంతా పరుచుకుని ఉంది. చేలు, చెరువులు, చిన్నచిన్న ఊళ్లు. ఎండ ఎక్కుతోంది. దూరంగా ఒక మోదుగ చెట్టు నిప్పంటుకున్నట్టు పూసింది. నిప్పు మాట వచ్చింది కాబట్టి, ఈ ఆకురాల్చే అడవికి అదే పెద్ద గండం. ఫిబ్రవరి నుంచి జూన్‌ దాకా ఒక్క బీడీ ముక్క చాలు. దారి పొడవునా ఆకులు ఊడ్చేసిన బాటలు కనిపించాయి, మంట దాటకుండా గీసిన గీతలు.

అక్కడే నేను అడగాలనుకున్నది అడిగాను. అభయారణ్యం నడిబొడ్డున ఉన్న ఊళ్లను బయటికి తరలించాలన్న ప్రయత్నం చాలాకాలంగా ఉంది. ఇష్టపడి వెళ్లే ఒక్కో కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2021లో పది లక్షల నుంచి పదిహేను లక్షలకు పెంచింది. మరోవైపు 2006 నాటి అటవీ హక్కుల చట్టం వాళ్లకు ఈ నేల మీద హక్కు ఇచ్చింది. 2019లో యురేనియం కోసం ఈ కొండల్లో బోర్లు వేస్తారన్న వార్త వచ్చినప్పుడు చెంచులు రోడ్డెక్కారు, వాళ్లతో పాటు రాష్ట్రమంతా గొంతు కలిపింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అప్పుడు అడవిని కాపాడినవాళ్లలో ముందున్నది వీళ్లే. ఇప్పుడు అదే అడవిని కాపాడ్డానికి వీళ్లు బయటికి పోవాలా? మరి మీరేమంటారు అన్నాను.

గైడు చాలాసేపు మాట్లాడలేదు. ‘పోతమనేటోళ్లు ఉన్నరు, పోమనేటోళ్లు ఉన్నరు సార్‌. మా చెల్లె కాన్పుకు మంచం మీద ఎత్తుకుని తెచ్చినం. దవాఖాన దగ్గరుండాలెనని ఆమెకుంటది. మా అమ్మను అడుగు, చెట్టు కింద చస్తగాని రేకుల ఇంట్ల చావనంటది.’ కర్రతో నేల మీద గీతలు గీస్తూ అన్నాడు, ‘నేను మన్ననూరుకు వచ్చి పన్నెండేండ్లయింది. నెల జీతం వస్తది. మనుమడు హాస్టల్ల చదువుతడు. ఇంగ్లీషు గూడ చదువుతడు. కానీ చెట్టు పేరు అడిగితే నా మొకం చూస్తడు.’

ఏది సరైనదో కేతేపల్లి నుంచి వచ్చి నాలుగు గంటలు నడిచిన నేను చెప్పలేను. కాన్పుకు మంచం మోసిన మనిషి ముందు అడవి గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వడం తేలిక కాదు. ఒకటి మాత్రం గట్టిగా అనిపించింది. ఆ చిరుత అడుగు దగ్గర ఆయన చూసిన మంచు చుక్కలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. అడవిలో పుట్టి, అడవిలో ఆకలేసి, అడవిలో భయపడితే వచ్చిన చదువది. దాన్ని మన్ననూరు హాస్టల్లో ఎలా చెబుతారు? చెప్పడానికి ప్రయత్నమైనా చేస్తున్నామా?

అక్కణ్నుంచి దిగితే ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరు. గొడుగు పట్టినట్టు వంగిన పెద్ద బండ కింద గుడి. మిట్టమధ్యాహ్నం కూడా ఎండ తగలదు. పాపనాశనం దగ్గర బండలోంచి ఊరే నీళ్లు తాగితే నాలుగు గంటల అలసట తీరిపోయింది. వర్షారణ్యం కాని అడవి, ఆకులన్నీ రాల్చేసుకున్న నెలలో, రాతి కడుపులోంచి ఇంత చల్లటి నీళ్లు ఎలా ఇస్తోందో అని అమ్మాయి ఆశ్చర్యపోయింది. కొండ మీద పడిన వాన వేళ్ల వెంట, పగుళ్ల వెంట నెమ్మదిగా ఇంకి, నెలల తర్వాత ఇలా బయటికి వస్తుంది. మా డిండిలో, కృష్ణలో కలిసే వాగులకూ ఈ కొండలే ఆధారం.

మీరు వెళ్లాలనుకుంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. జులై నుంచి సెప్టెంబరు వరకు వన్యప్రాణుల సంతానోత్పత్తి కాలమని సఫారీ మూసేస్తారు. బస, సఫారీ, నడక అన్నీ కలిపి అటవీశాఖే ఏర్పాటు చేస్తుంది. ముందుగా ఆన్‌లైన్లో నమోదు చేసుకోవాలి. హైదరాబాద్‌ నుంచి శ్రీశైలం వెళ్లే బస్సులన్నీ మన్ననూరు మీదుగానే పోతాయి. మెరిసే రంగు బట్టలు, సెంట్లు వద్దు. పాత బూట్లు మేలు. పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకెళ్లండి, మోకాళ్లు సహకరించినంత దూరమైనా సరే.

డ్రైవరు కారును కొండ కిందికి తెచ్చాడు. గైడును మన్ననూరులో దించాలి. చెక్‌పోస్టు దగ్గర ఆగేసరికి పదేళ్ల కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. ఆదివారం కదా, హాస్టల్‌ నుంచి ఇంటికి వచ్చిన మనుమడు. మా అమ్మాయి నోటుపుస్తకం తీసి గైడుకు చూపించింది. ‘తాతా, పద్దెనిమిది పేర్లు రాశాను. సరిగ్గా ఉన్నాయో లేదో చూడరా?’

గైడు పుస్తకం చేతిలోకి తీసుకుని తిప్పి చూసి మనుమడికి ఇచ్చాడు. ‘నాకు చదువు రాదు బిడ్డా. నువ్వు చదువురా.’

వాడు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. నల్లమద్ది. చిరుమాను. నారేప. పెద్దేగి. తపసి. గైడు కళ్లు మూసుకుని వింటూ ఒక్కోదానికి తలూపుతున్నాడు. పదకొండో పేరు దగ్గర ఆపాడు. ‘మోరి కాదు, మొర్రి. సారపప్పు కాయ. మనింటి ఎన్క ఉన్నది చూడు, అదే.’

‘అదా? అది మొర్రి చెట్టా?’ అన్నాడు వాడు. మా అమ్మాయి పెన్ను ఇస్తే తప్పు దిద్దాడు. తర్వాత పుస్తకం తిరిగి ఇవ్వకుండా కొంచెంసేపు అలాగే నిలబడి, ‘అక్కా, ఒక కాయితం చింపిస్తవా? నేను గూడ రాసుకుంట’ అన్నాడు.

చెక్‌పోస్టు అరుగు మీద కూర్చుని వాడు రాసుకునేదాకా మేం ఆగాం. నాన్న మాత్రం గైడును పక్కకు తీసుకెళ్లి మళ్లీ ఆ గ్లాసు సంగతే అడుగుతున్నాడు.